గొంతు పోయిన కంప్యూటర్

సదానందం ఎక్కడ కూర్చోబోయినా ముందు కుడిచెయ్యి పైకెత్తుతాడు. తలకు జానెడు పైన గాలిని అరచేత్తో తడుముతాడు. ఏమీ తగలకపోతే కూర్చుంటాడు. బస్సులోనైనా అంతే, పెళ్ళి పందిట్లోనైనా అంతే. బొగ్గు గనిలో ఏళ్ళ తరబడి వంగి నడిచినవాడి అలవాటది. కప్పు ఎంత ఎత్తులో ఉందో చూసుకోకుండా అక్కడ ఎవరూ నడుం ఎత్తరు. చూపు పోయాక కూడా అతని చెయ్యి ఆ పని మానలేదు.

చూపు పోయి పదేళ్ళు దాటింది. ముందు షిఫ్టువాళ్ళు పెట్టిన మందు ఒక రంధ్రంలో పేలకుండా మిగిలిపోయింది. దానికి అతని డ్రిల్లు తగిలింది. పక్కనున్న మనిషి పోయాడు, సదానందం మిగిలాడు. దవాఖానలో కట్లు విప్పిన రోజు, ఇంకా ఎందుకు విప్పలేదని అడిగాడు. భార్య సారక్క మంచం పక్కనే ఉంది. డాక్టరే చెప్పాడు.

కంపెనీ అతన్ని పైకి తెచ్చి ఏరియా ఆఫీసులో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చోబెట్టింది. ఆ పని అతనికి చేతికి వచ్చింది. ఏ గనికి ఏ నంబరో, ఏ అధికారి ఇంటికి ఏ నంబరో నోటికి వచ్చేశాయి. అవతలివాళ్ళు పేరు చెప్పకముందే గొంతు గుర్తుపట్టి లైను కలిపేవాడు. ప్రమాదం జరిగినప్పుడు అంబులెన్సుకు మొదటి ఫోను అతని చేతి మీదుగానే పోయేది.

తర్వాత అందరి జేబుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. బోర్డు మోగడం తగ్గింది. ఒకరోజు కాంట్రాక్టు మనుషులు వచ్చి బోర్డు విప్పి తీసుకుపోయారు. కుర్చీ కూడా తీసుకుపోయారు. అది బోర్డుకు చెందిన కుర్చీ అట.

అప్పటి నుంచి అతనికి వరండాలో బెంచీ. పొద్దున హాజరు వేసి కూర్చోవాలి, డ్యూటీ అయ్యాక ఇంటికి పోవాలి. జీతంలో ఏ కోతా లేదు. పనే లేదు. ముందు నుంచి నడిచిపోయేవాళ్ళు అతని దగ్గరికి రాగానే గొంతు తగ్గించేవారు, దాటాక మళ్ళీ పెంచేవారు. ఆ తగ్గించడం అతనికి బాగా వినిపించేది.

నర్సింగం ఒక్కడు మాత్రం గొంతు తగ్గించేవాడు కాదు. అతను ఆ ఆఫీసులో గుమాస్తా, సదానందం ఉండే కాలనీవాడే.

"అన్నా, మాకు పనున్నది, తీరిక లేదు. నీకు తీరికున్నది, దాని మీద జీతమున్నది" అనేవాడు. "అచ్చే జన్మల నేను గూడ నీ బెంచీ మీదనే పుడ్త."

"పుట్టు. గాని గీ చెక్క గట్టిగ ఉంటది, దిండు తెచ్చుకో" అనేవాడు సదానందం.

అన్‌ఫిట్ రాయించుకొమ్మని కొందరు చెప్పారు. మనిషి పనికిరాడని డాక్టర్లు రాస్తే ఉద్యోగం పిల్లలకు వస్తుంది. సదానందానికి ఒక్కతే కూతురు. ఆమె మందమర్రిలో నర్సు. ఆమెకు ఈ ఉద్యోగం అక్కరలేదు. ఇవ్వడానికి ఎవరూ లేరు కనుక అతను దాన్ని తనే ఉంచుకున్నాడు. ఉంచుకున్నాక పని చెయ్యాలనుకున్నాడు.

హైదరాబాదులో చూపులేనివాళ్ళ సంఘం ఒకటి కంప్యూటర్ నేర్పుతుందని విని, సెలవు పెట్టి వెళ్ళాడు. నేర్చుకొని, వాళ్ళిచ్చిన పాత కంప్యూటర్‌తో తిరిగి వచ్చాడు. అందులో లైనక్స్ ఉంది. అది ఎవరైనా ఉచితంగా వేసుకోవచ్చు. తెర మీద ఏ అక్షరం వచ్చినా చదివి వినిపించే ప్రోగ్రాం కూడా అందులో ఉంది. ఆ గొంతు పడిశం పట్టిన మనిషి రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. తెలుగు మాటలను ముక్కలు ముక్కలుగా విరుస్తుంది. మొదటిరోజు సారక్క చాలాసేపు నవ్వింది. దానికి ముక్కాయన అని పేరు పెట్టింది. పొద్దున్నే చాయ్ ఇస్తూ, "ముక్కాయన లేచిండా" అని అడిగేది.

సదానందం దాని ముందు కూర్చొని ఉత్తరాలు కొట్టడం సాధన చేశాడు. వేలు మీట మీద పడగానే ముక్కాయన ఆ అక్షరం పలుకుతాడు. తప్పు పడితే చెవికి తెలుస్తుంది. వెనక్కి వచ్చి దిద్దుకోవచ్చు. ఆ గొంతు లేకపోతే అతని వేళ్ళు ఏం రాస్తున్నాయో అతనికి తెలియదు.

ఆ ఏడు ఆఫీసుకు విశ్వేశ్వరరావు అనే కొత్త అధికారి వచ్చాడు. భీమవరం వైపు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. డిస్పాచ్ సెక్షన్ గుమాస్తాకు కొత్తగూడెం బదిలీ అయింది. బయటికి పోయే ఉత్తరాలు టైపు చేసి, చిరునామాలు వేసి పంపే టేబుల్ అది. ఆ టేబుల్ తనకు ఇవ్వమని సదానందం ఆయన గదిలోకి వెళ్ళి అడిగాడు. ఎలా చేస్తారని ఆయన అడిగితే వివరంగా చెప్పాడు. ఆఫీసు కంప్యూటర్లలో మాట్లాడే ప్రోగ్రాం లేదు, అవి బయటివాళ్ళు చూసుకునేవి, వాటిలో ఏదీ వెయ్యనివ్వరు. అందుకని తనదే తెచ్చుకుంటానన్నాడు.

"దసరా వెళ్ళాక సోమవారం తీసుకురండి" అన్నాడు విశ్వేశ్వరరావు. "నేను ఒక ఉత్తరం చెబుతాను, మీరు కొట్టి చూపించండి. సరిగ్గా వస్తే ఆ టేబుల్ మీదే."

ఇంటికి వచ్చి సారక్కకు చెప్పాడు. ఆమె ఏ చొక్కా వేసుకుంటావని అడిగింది. ఏదైనా ఒకటే కదా అన్నాడు. నీకు ఒకటే, చూసేటోళ్ళకు కాదని ఆమె ఒక చొక్కా తీసి ఇస్త్రీకి ఇచ్చింది.

దసరా వచ్చింది. ఆ రోజు గనుల్లో యంత్రాలకు పూజ చేస్తారు. బొగ్గు టబ్బులను లాగే హాలేజీ ఇంజనుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దాని ఇనుప దిమ్మె మీదే కొబ్బరికాయ కొడతారు. యంత్రాన్ని నడిపేవాడే కొట్టాలి. హారతి అయ్యాక యంత్రాన్ని ఒకసారి నడిపించాలి. టెలిఫోన్ బోర్డుకు కూడా సదానందం ఏటా అలాగే చేశాడు, బోర్డు కింది ఇనుప కాళ్ళ మీద కొట్టి. బోర్డు పోయాక రెండు దసరాలు అతనికి కొట్టడానికి ఏమీ లేకపోయింది.

ఈసారి ఉంది. కంప్యూటర్ డబ్బాకు సారక్క పసుపు రాసింది, బంతిపూల దండ వేసింది. కాయ గడప మీద కొట్టమంది. అతను ఒప్పుకోలేదు.

"మిషన్‌కు మొక్కి గడప మీద కొడ్తరా? మిషన్ మీదనే కొట్టాలె."

డబ్బా వెనక అంచు ఇనుపదే. దాన్ని వేళ్ళతో చూసుకొని, గురి తప్పకుండా ఒక్క దెబ్బకు కొట్టాడు. కాయ సమంగా పగిలింది. నీళ్ళు వెనక వైపు జారిన చప్పుడు వినబడింది. సారక్క హారతి ఇచ్చింది. పద్ధతి ప్రకారం అతను మిషన్ నడిపించాడు. గాలి పంకా తిరిగింది. ముక్కాయన ఏదో అనబోయాడు. పోపు చిటపటలాడినట్టు చప్పుడు వచ్చింది. తర్వాత ఏమీ లేదు.

సదానందం స్పీకర్ వైరు తీసి మళ్ళీ పెట్టాడు. స్పీకర్‌కు చెవి ఆనించాడు. అరచేత్తో డబ్బా తడిమాడు. డబ్బా పనిచేస్తూనే ఉంది, వేడిగా ఉంది. దానికి గొంతు మాత్రం లేదు.

చూపున్నవాళ్ళకు ఇలాంటి చిక్కు వస్తే తెర మీద చూసి సరిచేసుకుంటారు. అతనికి తెర ఆ గొంతే. ఏం పోయిందో చెప్పవలసినదే పోయింది. ఇంట్లో కళ్ళున్న మనిషి సారక్క. ఆమె తెలుగులో ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషులో పెద్దబడి అక్షరాలు పోల్చుకోగలదు, మాటలు రావు.

అతను కూర్చొని మీటలు నొక్కాడు. ఆదేశాలు రాసే నల్ల కిటికీ తెరుచుకుందని ఆమె చెప్పింది. చప్పుడు ఎక్కువ తక్కువలు చూపే పలక పేరు అందులో రాశాడు.

"ఇప్పుడేమున్నది?"

"కడ్డీలు. నిలువుగ నిలబడ్డయి. కింద రెండు రెండు సున్నాలు, ఆకుపచ్చవి."

"అన్నిటి కింద సున్నాలేనా?"

ఆమె తెరకు దగ్గరగా వంగింది. ఒకదాని కింద మాత్రం రెండు ఎమ్‌లు ఉన్నాయంది. అదే నోరు మూసుకున్నదని అతను చెప్పాడు. దాని దగ్గరికి పోవాలి. బాణం మీట మీద వేలు పెట్టాడు. అతను నొక్కుతుంటే ఆమె పక్కకు, ఇంకా పక్కకు అంటూ చెప్పి, చివరికి ఆగమంది. ఆగాడు. ఎమ్ మీట నొక్కాడు. సున్నాలైనాయని ఆమె చెప్పింది. ఇద్దరూ స్పీకర్ వైపు తిరిగి కూర్చున్నారు. ఏమీ వినిపించలేదు.

సంఘంలో చెప్పిన ఇంకో సంగతి అతనికి గుర్తొచ్చింది. ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలో తడి చేరితే, ఇయర్‌ఫోన్ పెట్టారనుకొని యంత్రం స్పీకర్‌ను మూసేస్తుంది. వెనక రంధ్రాల్లో దూది పుల్లలు పెట్టి తుడిచాడు. పుల్లలు జిగటగా వచ్చాయి. సారక్క వాటిని చూసి, కొబ్బరినీళ్ళు కదా, చక్కెర ఉంటుందని అంది. గడప మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం అతనికి తెలిసింది.

మరునాడు డబ్బా మూత తీసి ముంగిట్లో ఎండకు పెట్టారు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్ళు పెడతారు. అప్పుడు లేచే దుమ్ము కాలనీ అంతా దిగుతుంది. ఆరేసిన బట్టలు లోపలికి తీసే వేళ అది. సారక్క తన పాత చీరను నాలుగు మడతలు చేసి డబ్బా మీద కప్పింది. దుమ్ము వాలాక చీర దులిపి, డబ్బాను మళ్ళీ ఎండలోకి జరిపింది.

సాయంత్రం లోపల పెట్టి నడిపిస్తే ముక్కాయన ఒక మాట అన్నాడు. ఏ మాటో తెలియలేదు. గరగరమని వచ్చి ఆగిపోయింది. సారక్క చప్పట్లు కొట్టింది. వాళ్ళు భోజనం మానుకొని మళ్ళీ మళ్ళీ నడిపించి చూశారు. ఇంక రాలేదు.

తర్వాతి రోజు అతను నల్ల కిటికీలో, యంత్రంలో చప్పుడు పుట్టించే సౌండ్ కార్డుల పట్టీ అడిగాడు. అంతకుముందు ఎన్నోసార్లు విన్నదే. రెండు వరుసలు రావాలి. ఒకటి స్పీకర్ వైపుది. ఇంకొకటి టీవీలకు పెట్టే వైరుది, అది వాళ్ళకు అవసరం లేదు. వరుసలో ఉన్న పెద్దబడి అక్షరాలు సారక్కను చదవమన్నాడు.

"ఎచ్. డి. ఎం. ఐ."

"అది టీవీ వైరుది. ఇంకో వరుస సదువు."

"ఇంకోటి లేదు."

"సరిగ సూడు."

"నాకు ఇంగ్లీషు రాదు గాని లెక్క వస్తది. ఒక్కటే ఉన్నది."

అతను మీటల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నోరు మూసుకున్నది తెరిపించవచ్చు. అసలు లేనిదాన్ని ఏ ఆదేశంతో పిలవాలి? ఏమైందని సారక్క అడిగింది. సౌండ్ కార్డు పోయిందన్నాడు. పోతే వేరేది దొరకదా అని ఆమె అడిగింది. ఆ మాట అతనికి అప్పటిదాకా తట్టలేదు.

ఇద్దరూ ఆటో పిలిచి, డబ్బాను చౌరస్తా దగ్గర శివ షాపుకు తీసుకుపోయారు. శివ కంప్యూటర్లు బాగుచేస్తాడు. తెర పెట్టి చూసి, గుర్తుపట్టలేక, ఇదేం విండోస్ అని అడిగాడు. విండోస్ కాదన్నాడు సదానందం.

"కాకా, గీ లైనక్స్ ఎవరెక్కించిండ్రు? తీసేసి విండోస్ ఎక్కిస్త. పాటలు, సీన్మలు అన్నొస్తయి."

"నాకు పాటలొద్దు బిడ్డా. అది తీస్తే నాకు మాట్లాడే మనిషే లేకుంటడు."

శివ సారక్క వైపు చూశాడట. నేనున్న కదా అన్నట్టు ఆమె చెయ్యి తిప్పిందట. ఆ సంగతి దారిలో ఆమే చెప్పింది.

శివ మూత తీశాడు. రంధ్రాల వెనక బోర్డు మీద పచ్చగా చిలుము పట్టిందని, లోపల చిన్న చిప్ తినేసిందని చెప్పాడు. ఏం పోశారని అడిగితే కొబ్బరినీళ్ళు అన్నారు. శివ నవ్వలేదు. దసరా తర్వాత తన దగ్గరికి ఇలాంటివి వస్తూనే ఉంటాయని, అయితే ఎక్కువగా కుంకుమ పోసినవి వస్తాయని అన్నాడు. అరలోంచి బొటనవేలంత వస్తువు తీసి పెన్‌డ్రైవ్ పెట్టేచోట పెట్టాడు. సౌండ్ కార్డు అందులోనే ఉంటుందట. స్పీకర్ వైరు దానికి తగిలించాడు.

ముక్కాయన మాట్లాడాడు. షాపులో ఉన్నవాళ్ళు ఉలిక్కిపడి నవ్వారు. శివ కూడా నవ్వాడు. సదానందం చెయ్యి పైకెత్తి చూసుకొని, పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

ఆదివారం సారక్క అధికారి అయింది. కుర్చీ వేసుకొని కూర్చొని, ఉత్తరం చెబుతాను రాయమంది. తమ క్వార్టర్‌లో నల్లా రాక పది రోజులైందని, పోయిన వేసవిలో చెప్పిన పని ఇంతవరకు కాలేదని, ఆ చెప్పించుకున్న మనిషికి చెవులు లేవా అని చెప్పుకుంటూ పోయింది. చివరి మాట రాయకూడదని అతను అన్నాడు. సారు చెప్పింది చెప్పినట్టు రాయాలని ఆమె అంది. రాశాడు. ముక్కాయన మొత్తం చదివి వినిపించాడు. ఆమె శ్రద్ధగా విని, ఒక్క మాట కూడా మింగలేదని ఒప్పుకుంది.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. డబ్బా ఒళ్ళో పెట్టుకొని ఆటోలో కూర్చున్నాడు. కీబోర్డు, స్పీకర్ సంచిలో ఉన్నాయి. పాత తెర బరువు. దాన్ని కూడా పెట్టమంటావా అని సారక్క అడిగింది. తెర తనకెందుకు, సారుకు చూడాలంటే ఆఫీసులో ఎన్నో ఉంటాయి అన్నాడు. ఆమె అతన్ని ఆఫీసు వరండాలో దింపి, అదే ఆటోలో వెనక్కి పోయింది.

డిస్పాచ్ టేబుల్ మీద నర్సింగం వైర్లన్నీ కలిపాడు. ఆఫీసు తెర ఒకటి తెచ్చి తగిలించాడు. సదానందం చెయ్యి పైకెత్తి గాలిని చూసుకొని ఆ కుర్చీలో కూర్చున్నాడు. మీట నొక్కాడు. పంకా తిరిగింది. యంత్రం లేచే వేళ గడిచింది. ముక్కాయన లేవలేదు.

ఆ చిన్న వస్తువును వేలితో తడిమాడు. ఉన్నచోటే ఉంది. స్పీకర్ వైరు ఉంది. తీసి పెట్టాడు. తెర మీద ఏముందని నర్సింగాన్ని మెల్లగా అడిగాడు. ఏవో బొమ్మలున్నాయని, అంతా బాగానే వచ్చిందని నర్సింగం చెప్పాడు. అతను లైనక్స్ ఎన్నడూ చూడలేదు. అప్పుడే విశ్వేశ్వరరావు వచ్చాడు. కుర్చీ జరిగిన చప్పుడైంది.

"మొదలుపెడదామా సదానందం గారూ?"

ఆగమని చెప్పాలనుకున్నాడు. సారు వచ్చి కూర్చున్నాక ఆగమని ఎలా అంటాడు? గనిలో గానీ, బోర్డు ముందు గానీ అధికారిని ఎన్నడూ ఆపలేదు. సరే సార్ అన్నాడు. ఉత్తరం రాసే కిటికీ తెరిచే మీటలు నొక్కాడు. తెరుచుకుందో లేదో తెలియలేదు.

విశ్వేశ్వరరావు నిదానంగా చెప్పాడు. కాంట్రాక్టరుకు ఒక ఉత్తరం, రోడ్డు మరమ్మతు గురించి. సదానందం వేళ్ళు ఆయన మాట వెంటే పోయాయి. ఒక్క మాట కూడా వదలలేదు. ఏ అక్షరానికీ చెవిలో జవాబు రాలేదు. బావిలో రాయి వేసి అడుగు తగిలిన చప్పుడు కోసం చూసినట్టు ఉంది.

అయిపోయిందని ఆయన అన్నాక నర్సింగం తెర దగ్గరికి వచ్చాడు. తెర మధ్యలో చిన్న పెట్టె ఏదో తెరుచుకొని ఉందని, కొట్టినదంతా దానికే పోయిందని, ఉత్తరం ఎక్కడా లేదని నర్సింగం చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు నర్సింగం కూడా గొంతు తగ్గించాడు.

"పర్లేదండీ" అన్నాడు విశ్వేశ్వరరావు. "ఇంత అవస్థ ఎందుకండీ మీకు? మీరు పడాల్సిన కష్టం పడ్డారు. రేపటి నుంచి హాజరు వేసుకుని ఇంటికి వెళ్ళిపోండి. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి."

ఆయన సదానందం భుజం మీద చెయ్యి వేసి, మీటింగుకు వెళ్ళిపోయాడు.

సదానందం కుర్చీలోనే ఉన్నాడు. లెమ్మని ఎవరూ అనలేదు. నిన్న మాట్లాడింది, ఈ రోజు మాట్లాడలేదు. నిన్నటికీ ఈ రోజుకూ ఏం మారింది? వస్తువు మారలేదు, వైరు మారలేదు. వేలు పెట్టి ఒక్కొక్కటీ తడుముతూ పోయాడు. తెర నుంచి వచ్చే వైరు దగ్గర ఆగాడు. ఇంట్లో తెర వైరుకు రెండు వైపులా మరలుంటాయి. దీనికి లేవు. సన్నగా, బల్లపరుపుగా ఉంది.

"నర్సింగం, గిది టీవీలకు పెట్టే వైరేనా?"

"అదే. ఇప్పుడన్ని గవ్వే అన్నా."

పట్టీలో మిగిలిన ఆ ఒక్క వరుస సంగతి అప్పుడు అర్థమైంది. ఆ వైరు చిత్రంతో పాటు చప్పుడును కూడా మోస్తుంది. తెర తగలగానే యంత్రం గొంతును అటు పంపింది. ఆ తెరకు స్పీకర్లు లేవు. ముక్కాయన పొద్దుటి నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు, నోరులేని పెట్టెలోకి.

"తెర వైరు తీసెయ్యి" అన్నాడు.

"తెర తీసేస్తే ఏం కనవడ్తది అన్నా?"

"నాకు ఎన్నడు కనవడ్డది?"

గదిలో ఎవరో నవ్వి ఆపుకున్నారు. నర్సింగం వెనకాడాడు. వైరు ఆఫీసుది, ఏమన్నా అయితే తన మీదికి వస్తుందన్నాడు. సదానందం తానే పట్టుకొని లాగేశాడు.

కాసేపటికి స్పీకర్ చిటుక్కుమంది. పెట్టె మూసెయ్యాలా, అవును, కాదు అని ముక్కాయన గట్టిగా అడిగాడు.

పక్క గదుల నుంచి మనుషులు వచ్చారు. సదానందం పెట్టె మూశాడు. ఉత్తరం కిటికీ తెరిచాడు. రోడ్డు మరమ్మతు ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా గుర్తున్నది గుర్తున్నట్టు కొట్టాడు. ముక్కాయన చదువుతుంటే జనం నవ్వారు, తన పేరు పలికించమని ఒకరు, తిట్టు పలికించమని ఒకరు అడిగారు. ఇంకోసారి, ఇంకోసారి అన్నారు. భోజనం వేళకు అందరూ వెళ్ళిపోయారు. అతను లేవలేదు. సద్ది విప్పలేదు.

విశ్వేశ్వరరావు మధ్యాహ్నం తిరిగి వచ్చాడు. నర్సింగం పిలిస్తే టేబుల్ దాకా వచ్చి, నిలబడి, ఉత్తరం మొత్తం విన్నాడు.

"చాలా బాగుందండీ. నిజంగా."

సదానందం ఎదురుచూశాడు.

"కానీ ఇవాళ మాట్లాడింది, రేపు మాట్లాడకపోతే? డిస్పాచ్ ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇందాక మీటింగులో ఆ టేబుల్‌కి వేరే ఆయన పేరు ఇచ్చేశానండీ."

"తెర పెట్టకుంటె ఆగది సార్. ఇంక ఎన్నడు ఆగది."

"ఆగదనే అనుకుందాం. పొద్దున కూడా మీరు అలాగే అనుకునే వచ్చారు కదా."

అందులో ఎగతాళి లేదు. అది నిజం.

"అయితే నేను బెంచీ మీదనే ఉండాల్నా సార్?"

"బెంచీ కూడా ఎందుకండీ, ఇంటి దగ్గరే ఉండమంటున్నాను. మీ మంచికే చెబుతున్నాను."

నర్సింగం ఆటో పిలిచి డబ్బాను ఎక్కించాడు. దారంతా ఏమీ జోక్ వెయ్యలేదు. కాలనీ మలుపు దగ్గర దిగేటప్పుడు మాత్రం, పొద్దున తాను తెచ్చిన తెర కాకుండా వేరేది తేవలసిందని, తనకు తెలియలేదని అన్నాడు. సదానందం నీకెట్ల తెలుస్తది అన్నాడు.

సారక్క గుమ్మంలోనే డబ్బా అందుకుంది. ముఖం చూసి ఆమెకు సగం తెలిసింది.

"మాట్లాడలేదా?"

"మాట్లాడిండు. అందరు నవ్విండ్రు."

"సారు విన్నడా?"

"విన్నడు. మంచిగున్నదన్నడు."

"మరి?"

"వేరేటోనికి ఇచ్చిండు."

ఆమె డబ్బాను దాని చోట పెట్టింది. వైర్లు కలపలేదు. అన్నం పెట్టింది. విప్పని సద్దిగిన్నె చూసి, అందులోది కూడా అతని కంచంలోనే వేసింది. అతను రెండూ తిన్నాడు. ఇక ఇంట్లోనే ఉండవచ్చని సారు అన్నాడని చెప్పాడు. ఉంటావా అని ఆమె అడిగింది. అతను చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మరునాడు పొద్దున సదానందం మామూలు వేళకే బస్సెక్కాడు. హాజరు మిషన్ దగ్గర వరుసలో నిలబడ్డాడు. వంతు రాగానే బొటనవేలు ఆనించాడు. థాంక్యూ అంది మిషన్, ఆడగొంతుతో, స్పష్టంగా. వెనకవాళ్ళు జరగమన్నారు. జరిగాడు. కాలనీకి తిరిగిపోయే బస్సు గేటు దగ్గర ఇంజను ఆపకుండా నిలిచి ఉంది. ఎక్కుతావా అని కండక్టరు అడిగాడు. ఎక్కనని చెప్పాడు. బస్సు పోయిన చప్పుడు మలుపు దాకా విని, వరండాలోకి నడిచి, బెంచీ మీద కూర్చొని, డ్యూటీ అయ్యేదాకా అక్కడే ఉన్నాడు.